ఎడమ కాలి పాఠం



'కోచింగ్' అనే మాట వినగానే మన సనత్‌నగర్ హాస్టల్ కుర్రాళ్ళకు ముందుగా గుర్తుకొచ్చేది అమీర్‌పేట. మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు, తల ఎత్తిన చోటల్లా కోచింగ్ బోర్డులే. కంప్యూటరు కోర్సులు, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, స్పోకెన్ ఇంగ్లీషు. చేతిలో కరపత్రం పెట్టనిదే ఎవరూ మనల్ని ముందుకు కదలనివ్వరు. ఫీజు కట్టే స్తోమత ఉన్నవాడు లోపలికి వెళ్తాడు, లేనివాడు కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని హాస్టల్‌కు నడిచి వస్తాడు. నేను రెండో రకం వాణ్ణి.

అయితే కోచింగ్ అనే మాటకు ఈ హైదరాబాదు నగరంలోనే ఇంకొక అర్థం ఉండేది. ఒక బడిపంతులు ఆ అర్థాన్ని ఇచ్చాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు ఫుట్‌బాల్ వాళ్ళు ప్రేమగా 'రహీం సాబ్' అంటారు. ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠంలాంటిది రాయమని తమ్ముళ్ళు అడిగారు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా నాకు తెలిసిన పాఠాలు తక్కువ. తెలిసినవాటిలో ఆయన పాఠమే పెద్దది. అది నా దాకా ఎలా వచ్చిందో ముందు చెబుతాను.

మా కాలేజీ జట్టుకు కొత్త సారు

నేను మన హాస్టల్‌లో ఉండి నగరంలోని ఒక డిగ్రీ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న రోజులవి. 1994వ సంవత్సరం. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో మన హాస్టల్ పిల్లలం నలుగురం ఉండేవాళ్ళం. మా ఆట ఏమిటంటే, బంతి దొరికితే గట్టిగా కొట్టడం, దాని వెంట పరుగెత్తడం. అంతకుముందు ఏడాది ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఏడాది కొత్త కోచ్ వచ్చారు. వయసు మళ్ళిన మనిషి, సన్నగా ఉండేవారు, పాత సైకిలు మీద వచ్చేవారు. మొదటి రోజు మా చేత పది నిమిషాలు ఆడించి, ఈల వేసి, అందరినీ కూర్చోబెట్టారు.

"రేపటి నుంచి పదిహేను రోజులు ఎవరూ కుడి కాలితో బంతిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఫౌల్" అన్నారు.

మేము నవ్వుకున్నాం. మరునాడు నవ్వు పోయింది. ఎడమ కాలితో తంతే బంతి ఒకవైపు, మనిషి ఒకవైపు. గట్టు మీద కూర్చున్న తోటి విద్యార్థులు చప్పట్లు కొట్టి మరీ గేలి చేసేవాళ్ళు. పొద్దున్నే అయిదున్నరకు సాధన, అది ముగించుకుని హాస్టల్‌కు చేరేసరికి టిఫిన్ అయిపోయేది. వంట మనిషి పుణ్యమా అని మా నలుగురికీ ఉప్మా గిన్నెలో మూతపెట్టి ఉంచేది. ఆ తల్లి రుణం ఈ సంచిక ద్వారానైనా చెప్పుకోవాలి.

సీజను మొదలయ్యింది. మొదటి మ్యాచ్ 5-0తో ఓడిపోయాం. రెండోది కూడా ఓడిపోయాం. "ఉన్న ఆట కూడా పోగొట్టాడు" అని జట్టులోనే గొణుగుడు మొదలైంది. ఇద్దరు మానేశారు. సారు మాత్రం ఒక్క మాట కూడా మార్చలేదు. మూడో మ్యాచ్ డ్రా చేసుకున్నాం. నాలుగోది గెలిచాం. చివరకు సెమీ ఫైనల్ దాకా వెళ్ళి 2-1తో ఓడిపోయాం. కప్పు రాలేదు. కానీ ఆ ఒక్క గోలు మా లెఫ్ట్ బ్యాక్ ఎడమ కాలితో కొట్టిన బంతి నుంచి వచ్చింది. ఆ కుర్రాడు పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచీ కుడి కాలి మనిషి.

సెమీ ఫైనల్ అయ్యాక సారును అడిగాను, ఈ పద్ధతి మీకు ఎవరు చెప్పారని. "నాది కాదయ్యా, రహీం సాబ్‌ది. చిన్నప్పుడు ఆయన పెట్టిన పోటీలు చూసి పెరిగినవాళ్ళం" అన్నారు. ఆ పేరు నేను మొదటిసారి వినడం అప్పుడే. ఆ తర్వాత దొరికినంత చదివాను, పెద్దలను అడిగి తెలుసుకున్నాను.

బడిపంతులు రహీం సాబ్

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఉస్మానియా జట్టు తరఫున ఆడారు. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన ఉన్న సిటీ కాలేజీ మీరందరూ చూసే ఉంటారు. ఆ కాలేజీ విద్యార్థులు కలిసి 'ఎలెవన్ హంటర్స్' అనే జట్టు కట్టుకున్నారు. రహీం ఆ జట్టులోనూ ఆడారు. అంటే ఆయన ఆట కూడా మన ఆటలాగే కాలేజీ మైదానంలోనే పెరిగింది.

చదువు పూర్తయ్యాక ఆయన ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్ళారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవి ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. కోచ్ కావడానికి ముందు ఆయన ఏళ్ళ తరబడి పిల్లలకు పాఠం చెప్పిన మనిషి. తరగతిలో నలభై మంది ఉంటే అందరికీ ఒకే తెలివి ఉండదని, వెనకబడిన వాణ్ణి ముందుకు తేవడమే పంతులు పని అని ఆయనకు తెలుసు. ఆ తెలివినే ఆయన మైదానానికి తీసుకువచ్చారు.

1950 సీజను

ఆ కాలంలో భారతదేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ పేర్లే అందరి నోళ్ళలో ఉండేవి. దేశంలో పేరున్న కప్పుల్లో రెండు: 1888లో సిమ్లాలో మొదలై తర్వాత ఢిల్లీకి మారిన డ్యూరాండ్ కప్పు, 1891లో మొదలైన బొంబాయి రోవర్స్ కప్పు. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసి అప్పటికి రెండేళ్ళు. అలాంటి సమయంలో ఇక్కడి పోలీసు జట్టు ఒకటి బయలుదేరి వెళ్ళింది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ రోవర్స్ కప్పు గెలిచింది. అదే సీజనులో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. కొత్త కోచ్ కింద మొదటి సీజనులోనే దేశంలోని రెండు పెద్ద కప్పులు హైదరాబాదుకు వచ్చాయన్నమాట. అక్కడితో ఆగలేదు. 1950, 1951, 1952, 1953, 1954, అంటే వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసులదే. ఆ జట్టు నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు భారత జట్టుకు ఎంపికై ఒలింపిక్స్ దాకా వెళ్ళారు.

మొదటి సీజనులోనే ఇంత గెలుపు ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. అది ఒక్క సీజను పని కాదు. 1943 నుంచి ఏడేళ్ళపాటు నగరంలోని గల్లీ జట్లను, బడి పిల్లలను ఆయన చూస్తూ, తయారు చేస్తూ వచ్చారు. మనకు కనిపించేది 1950లో కోసిన పంట. విత్తనం వేసిన సంవత్సరం వేరు.

ఆయన ఏం మార్చారు?

రహీం సాబ్ హైదరాబాదులో కొన్ని వింత పోటీలు పెట్టేవారు. వాటిలో ముఖ్యమైనవి రెండు చెబుతాను. హాస్టల్ గ్రౌండులో మీరే ఆడి చూడవచ్చు.

మొదటిది, బలహీనమైన కాలి పోటీ. కుడి కాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి, ఎడమ కాలి వాడు కుడి కాలితో ఆడాలి. దీని అవసరం ఏమిటి? ఒక్క కాలితో మాత్రమే ఆడేవాడికి బంతి రెండో వైపు వస్తే, వాడు ముందు ఒళ్ళు తిప్పుకోవాలి, బంతిని మంచి కాలి మీదికి తెచ్చుకోవాలి, అప్పుడు కొట్టాలి. ఈలోగా ఎదుటి వాడు వచ్చి మీద పడతాడు. పైగా రెండు మ్యాచులు చూసిన ఏ డిఫెండరైనా వాడి మంచి కాలి వైపే కాపు కాస్తాడు. రెండు కాళ్ళూ పనిచేసేవాడికి ఈ తిప్పలు లేవు. బంతి ఎటు వచ్చినా అక్కడి నుంచే అందిస్తాడు. వాణ్ణి ఎటువైపు ఆపాలో ఎదుటివాడికి తోచదు.

రెండోది, డ్రిబ్లింగ్ లేని పోటీ. అంటే బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ ఒక్కడే తీసుకుపోవడానికి వీల్లేదు. బంతి రాగానే తోటివాడికి అందించాలి. ఇందులో రహస్యం చూడండి. బంతి ఉన్నవాడు దాచుకోవడానికి లేనప్పుడు, బంతి లేనివాళ్ళు ఊరికే నిలబడడానికీ ఉండదు. ఖాళీ చోటు చూసుకుని పరుగెత్తాలి, అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి. మనిషి ఎంత వేగంగా పరుగెత్తినా బంతి అంతకంటే వేగంగా పోతుంది. కాబట్టి పరుగెత్తించవలసింది బంతినే. ఈ ఒక్క నియమంతో పదకొండు మంది మనుషులు ఒక జట్టు అవుతారు.

మూడో మార్పు ఆటగాళ్ళను నిలబెట్టే తీరులో వచ్చింది. పాత పద్ధతిలో వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు అయిదుగురు ఉండేవాళ్ళు. ముందు అయిదుగురు ఉంటే గోళ్ళు ఎక్కువ వస్తాయనుకునేవారు. కానీ ఎదుటి జట్టు వేగంగా వస్తే వెనక ఇద్దరే మిగిలేవారు. 1953 నవంబరులో హంగేరి జట్టు ఇంగ్లండును వాళ్ళ సొంత వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ ముందు నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడాడు, అతణ్ణి ఎవరు పట్టుకోవాలో ఇంగ్లండుకు అర్థం కాలేదు. ప్రపంచంలో జరిగే ఇటువంటి మార్పులను రహీం సాబ్ శ్రద్ధగా గమనించేవారు. వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే 4-2-4 పద్ధతిని మన దేశంలో ప్రవేశపెట్టినవారిలో ఆయనే ముందు. 1958లో బ్రెజిల్ ఇదే పద్ధతితో ప్రపంచ కప్పు గెలిచాక అది లోకమంతా పాకింది.

బూట్లు లేని కాళ్ళు

రహీం సాబ్ జీవితంలో గెలుపులే ఉన్నాయనుకుంటే పొరపాటు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఆయన కోచ్‌గా భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. దేశమంతా పొంగిపోయింది. మరుసటి ఏడాది, 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు అదే కోచ్‌తో వెళ్ళింది. అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. పది గోళ్ళు!

అప్పట్లో మన ఆటగాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడేవారు. పొడి నేల మీద ఉత్త కాలితో బంతి మీద మంచి పట్టు దొరుకుతుంది. కానీ చలిదేశంలో తడి గడ్డి మీద కాలు జారుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి, బూట్లు వేసుకున్నవాడి ముందు ధైర్యంగా కాలు పెట్టలేం. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అని భారత ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది.

బూట్లు లేకుండా ఆడటాన్ని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. మన హాస్టల్ పిల్లలకు అందులో గొప్ప కనిపించదని నాకు తెలుసు. చెప్పులు తెగితే నెలాఖరు దాకా ఉత్తకాళ్ళతో బడికి వెళ్ళినవాళ్ళం మనం. లేమిని లేమి అని ఒప్పుకోవాలి, దాన్ని తీర్చుకునే దారి వెతకాలి. 1952 తర్వాత మన ఫుట్‌బాల్ చేసింది అదే.

ఇప్పుడు లెక్క చూడండి. నాలుగేళ్ళకు, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జరిగాయి. కోచ్ రహీం సాబే. జట్టులో హైదరాబాదు వాళ్ళు పలువురున్నారు. డిసెంబరు 1న ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. సెమీ ఫైనల్లో ఎదురైంది ఎవరో తెలుసా? అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోలు కొట్టింది మనవాళ్ళు. చివరకు 4-1తో ఓడిపోయాం, మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంతో తిరిగి వచ్చాం.

పతకం లేదు కాబట్టి అది ఓటమే అనవచ్చు. కానీ 10-1 నుంచి 4-1కి రావడం ఎంత దూరమో పరీక్ష తప్పి మళ్ళీ రాసినవాడికి తెలుస్తుంది. మనం ఎంత ఎదిగామో తెలియాలంటే మనల్ని ఓడించినవాడితోనే మళ్ళీ ఆడాలి.

సైకిలు అద్దె

మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉన్నాడు. వయసు ఇరవై. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో 1936లో పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసుల పాత బూట్లను చెప్పులు కుట్టే ఆయన చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడాడు.

బలరాం ఆటను రహీం సాబ్ చూశారు. సాధనకు రమ్మన్నారు. ఇల్లు దూరమని, రోజూ రావడానికి డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడు. రహీం సాబ్ సైకిలు అద్దెకు తన చేతి డబ్బులిచ్చారు. ఈ సంగతి బలరామే పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఆ కుర్రవాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు, 1962లో ఆసియా బంగారు పతకం గెలిచిన జట్టులో ముఖ్యుడయ్యాడు, అదే ఏడాది అర్జున అవార్డు అందుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

నేను పిల్లలకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక మాట కలుపుతాను. ప్రతిభ ఉంటే చాలదు, మైదానం దాకా వెళ్ళే దారి ఖర్చు కూడా ఉండాలి. ఊళ్ళో బడి లేకనో, ఇంట్లో తిండి చాలకనో చదువు ఆగిపోవలసిన పిల్లలకు హాస్టల్ చేసేది కూడా ఆ పనే. మనకు దొరికిన మంచం, ట్రంకు పెట్టె, రెండు పూటల అన్నం, ఇవి దయతో ఇచ్చినవని తల దించుకోనక్కరలేదు. అవి మన సైకిలు అద్దె. తొక్కవలసింది మాత్రం మనమే.

జకార్తా

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకుంది. ఆ తర్వాత రహీం సాబ్ ఆరోగ్యం చెడింది. ఊపిరితిత్తుల కాన్సరు. అయినా 1962లో జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్ళారు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్‌ను, జపాన్‌ను ఓడించాం. థాయిలాండ్ మ్యాచ్‌లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలతో బంతిని ఆపవలసిన డిఫెండర్‌ను ఆ స్థితిలో వెనక నిలబెట్టడం కష్టం. రహీం సాబ్ అతణ్ణి తీసివేయలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు! సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచాం, అందులో జర్నైల్ సింగ్ గోలు కూడా ఉంది.

ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. లక్ష మంది జనం, చాలామంది మనకు వ్యతిరేకంగానే అరుస్తున్నారు. ముందు రోజు రాత్రి రహీం సాబ్ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, రేపు మీ నుంచి నాకొక కానుక కావాలి, ఆ బంగారు పతకం తెచ్చి ఇవ్వండి అని అడిగారని ఆ జట్టు ఆటగాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. మరునాడు పి.కె.బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. 2-1. కానుక ముట్టింది.

రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ తర్వాత

ఇక్కడ ఒక కష్టమైన సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పాఠం సగమే అవుతుంది. 1962 తర్వాత భారత పురుషుల జట్టు ఆసియా క్రీడల్లో మళ్ళీ బంగారు పతకం గెలవలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. కొంతకాలం ఆయన వేసిన విత్తనం కాసింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, ఆ జట్టులో మరో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్. కానీ ఆ ఇద్దరూ పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. ఇక్కడ తయారైనవాళ్ళు అక్కడికి వెళ్ళిపోయారు, ఇక్కడ తయారు చేసేవాళ్ళు తగ్గిపోయారు.

మంచి కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది. అప్పటికి రహీం సాబ్ పోయి ఇరవై రెండేళ్ళు. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక చాలామంది హైదరాబాదు యువకులకు ఆయన పేరు తెలిసింది. ఫతే మైదాన్, అదే ఇప్పటి లాల్‌బహదూర్ స్టేడియం, ముందు నుంచి రోజూ బస్సులో వెళ్ళేవాళ్ళకు ఆ పేరు సినిమా వచ్చి చెప్పవలసి వచ్చింది.

పద్ధతి ఒక్క మనిషి దగ్గరే ఉండిపోతే ఆ మనిషితోనే పోతుంది. దాన్ని పదిమందికి పంచితేనే నిలుస్తుంది. మా కాలేజీ సారు పాత సైకిలు మీద వచ్చి మాకు ఎడమ కాలి ఆట నేర్పించి ఉండకపోతే, నేను ఈనాడు ఒక జిల్లా బడిలో పిల్లలకు నేర్పించేవాణ్ణి కాదు. అందుకే పూర్వ విద్యార్థి మిత్రులకు నా విన్నపం: వార్షికోత్సవం రోజు వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళడంతో సరిపెట్టకండి. మీకు వచ్చిన ఒక్క విద్య, లెక్కలో, ఇంగ్లీషో, ఆటో, ఏదైనా సరే, నెలకొక ఆదివారం వచ్చి పిల్లలకు చెప్పండి.

నా ఎడమ కాలు

చివరగా నా సొంత సంగతి. ఇంటర్‌లో నేను ఇంగ్లీషు తప్పాను. సప్లిమెంటరీలో ఎలాగో గట్టెక్కాను. డిగ్రీలో కూడా ఇంగ్లీషు క్లాసంటే వెనక బెంచీ, తలకాయ కిందికి. లెక్కలు బాగా వచ్చు కాబట్టి ఎప్పుడూ అవే చేసేవాణ్ణి. వచ్చిందే మళ్ళీ మళ్ళీ చేస్తే హాయిగా ఉంటుంది కదా!

సీజను ముగిసిన రోజు సారు నా మార్కుల సంగతి అడిగారు. చెప్పాను. ఆయన నవ్వి, "అయితే ఇంగ్లీషు నీ ఎడమ కాలన్నమాట" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు. మరునాటి నుంచి సాధనకు వెళ్ళే ముందు, అయిదు గంటలకు హాస్టల్ వరండాలో దీపం కింద అరగంట ఇంగ్లీషు చదవడం మొదలుపెట్టాను. పైకే చదివాను. పక్క గది వాళ్ళు నవ్వారు. ఎడమ కాలితో ఆడినప్పుడూ నవ్వారు కదా, నవ్వు అప్పటికే అలవాటయ్యింది. ఆ ఏడాది పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కాను. ఇంగ్లీషు పండితుణ్ణి కాలేదు, కానీ బి.పి.ఇడి. ప్రవేశ పరీక్షకు భయపడకుండా వెళ్ళగలిగాను.

మనలో ప్రతి ఒక్కరికీ ఒక ఎడమ కాలు ఉంటుంది. దాన్ని దాచుకుని మంచి కాలితోనే ఆడుకుంటూ పోతే కొన్నాళ్ళు నడుస్తుంది. ఎదుటివాడు కనిపెట్టిన రోజు ఆట కట్టు.

అభ్యాసం

1. నీ ఎడమ కాలు ఏ సబ్జెక్టు? కాగితం మీద రాసి ట్రంకు పెట్టె మూత లోపల అంటించు.

2. పదిహేను రోజులు ఉదయం మొదటి అరగంట ఆ సబ్జెక్టుకే ఇవ్వు. నవ్వేవాళ్ళు నవ్వనీ.

3. ఈ ఆదివారం హాస్టల్ గ్రౌండులో డ్రిబ్లింగ్ లేని ఆట ఒకటి ఆడండి. బంతి ఎవరి దగ్గర ఎక్కువసేపు ఆగిపోతున్నదో గమనించండి.

4. నిన్ను ఓడించిన పరీక్ష ఏది? దాని మార్కులు రాసి పెట్టుకో. వచ్చే ఏడాది పక్కన కొత్త మార్కులు రాయి. 10-1 పక్కన 4-1 వచ్చినా సరే, అది ఎదుగుదలే. ఆ తర్వాతి ఏడాది సంగతి అప్పుడు చూద్దాం.

5. నీకు బాగా వచ్చిన ఒక విషయాన్ని ఈ నెలలో చిన్న తరగతి తమ్ముడొకడికి నేర్పు. ఎవరికి నేర్పావో వచ్చే వార్షికోత్సవ సంచికలో రాయి.

శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి